తెరకి అవతలి పక్క

మరువాడ కూర్మనాథం గారు
శ్రీకాకుళం మునసబు కోర్టులో నకళ్లు రాసే గుమస్తా.
పగలు దావా కాయితాల మీద గుండ్రటి చేతిరాత.
రాత్రి బలగ వీధిలో అరుగు మీద
కొట్టేసిన దావాల వీపున నాటకాలు.
"ప్రతివాది హాజరు కాలేదు" అన్న ముక్కకి సరిగ్గా వెనక
ఎవరో రాజు కిరీటం దించి ఏడుస్తుంటాడు.

మా అయ్య అప్పలసూరి
ఆ కంపెనీలో మాట అందించేవాడు.
వేషం లేదు, రంగు లేదు,
ఎడం వింగులో ముక్కాలి పీట, చిమ్నీ పగిలిన బుడ్డి.
నటుడి గొంతు తడబడ్డ చోట
మాట మొదలు తాకించి వదిలేసేవాడు,
దూడకి పొదుగు చూపించినట్టు.

ఏడు నాటకాలు కూర్మనాథం గారివి.
ఆరింట రాజులున్నారు.
రాజుకి పద్యం, పద్యానికి రాగం, రాగానికి వన్సుమోరు.
చచ్చిన రాజు లేచి, పాడి, మళ్లీ చచ్చేవాడు.
టెక్కలిలో ఒకే రాత్రి మూడుసార్లు.
కర్త మాత్రం వెనక బెంచీలో
కండువా కొస నములుతూ,
ఆ ఆలాపనల అడుగున
తన మాటలెక్కడున్నాయో వెతుక్కునేవారట.

నరసన్నపేటలో ఆ రాత్రి
రాజు వేషం బోనెల పాపయ్యకి గొంతు పోయింది.
వరసగా నాలుగు ఆటలు, ఆపైన మంచు.
పెదాలు కదులుతున్నాయి, గాలి వస్తోంది.
మేనేజరు పళ్లు కొరికి, "నువ్వే చదివెయ్, సూరీ" అన్నాడు.

మా అయ్యకి పాఠమంతా కంఠతా వచ్చు.
నోరు మాత్రం నాగావళి ఒడ్డుది.
"సంతానహీనునకు సామ్రాజ్యమేల" అన్న చోట
"బిడ్డే లేనప్పుడు ఏటికి నాకీ రాజ్జిం,
ఎవుల నెత్తిన ఎట్టాల ఈ కిరీటం"
అని వచ్చేసింది.

నవ్వుతారనుకున్నారు.
ఒక ముసలమ్మ మాత్రం "అయ్యో నా బాబు" అంది,
పైకే, రాజుకి వినపడేలా.
చాలాసేపు ఎవరూ దగ్గలేదు.
హార్మోనియం వాడు బెల్లో మీద చెయ్యి అలాగే ఉంచేశాడు.

తెల్లారి ఆమదాలవలస స్టేషనుకి పోయే బండిలో
కూర్మనాథం గారు మా అయ్య పక్కన కూచున్నారు.
అదే మొదలు.
"ఒరే సూరీ, రాత్రి అన్నది మళ్లీ అను."
"నోరు జారింది బాబూ, సెమించీయండి."
"క్షమాపణ కాదురా. మాట. ఆ మాట అను."

ఏడో నాటకం పేరు 'దాటుకూలి'.
రాజు లేడు.
బల్లకట్టు లాగేవాడు, వాడి తల్లి,
ఆ బల్లకట్టునే జప్తు చెయ్యడానికి
అవతలి ఒడ్డున నిలబడ్డ అమీనా.
అమీనాని దాటించాల్సిందీ వాడే.
పద్యం ఒక్కటి లేదు.
మేనేజరు ప్రతిని చేత్తో తూచి,
"పంతులుగారూ, ఉప్పు మరిచారు" అన్నాడు.

విజయనగరం ప్రెస్సులో మూడొందల ప్రతులు, సొంత డబ్బు.
భార్య పేరులో ఎన్ని కాసులు తగ్గాయో
నకళ్ల గుమస్తా ఎక్కడా రాసుకోలేదు.
అమ్ముడైనవి ముప్పై ఎనిమిది.

మిగతా కట్టలు కంపెనీ కొట్లో పడుంటే
తెరలు రాసే సాలూరు మనిషి
నీరసించిన రాజమహలు తెరకి దన్నుగా
గంజి మెత్తి, వెనక అంటించేశాడు.
కర్తని అడిగే చేశాడట.
"సరే, అలాగైనా రంగం ఎక్కనీ" అన్నారట ఆయన.
నవ్వుతూ అన్నారని ఒకసారి,
నవ్వలేదని ఒకసారి చెప్పేవాడు మా అయ్య.

పదకొండేళ్లు,
పాలకొండలో, బొబ్బిలిలో, పర్లాకిమిడిలో,
ముందువైపు బంగారు స్తంభాలు, రాజు, రాగం.
రాజు ఆలాపన ఎత్తుకుంటే
అందించేవాడికి పనేముంది,
పీట వెనక్కి జరుపుకుని
బుడ్డిని తెర వీపుకి దగ్గరగా పట్టేవాడు.
కొన్ని పేజీలు తలకిందులు.
కొన్నిట్లో గంజి కోసం వచ్చిన బొద్దింకలు
మాటలు కూడా తినేశాయి.
ఏడో పేజీ పక్కన నలభై రెండు.
అమీనా నడి ఏట్లో ఉండగానే
తల్లి మొదటి రంగంలో కూడు వండేది.
గాలికి తెర ఉబ్బితే
బల్లకట్టు కదిలినట్టుండేదిరా, అనేవాడు.

కర్త పోయారు.
ఆయన చేత్తో రాసిన నకళ్లు
కోర్టులో ఇంకా చెల్లుతాయి.
తెర ఏ ఊళ్లో చివికిందో తెలీదు.
నాకు దక్కింది మా అయ్య నోట్లో మిగిలిన నాటకం,
ఏడు తర్వాత నలభై రెండు.
అసలు ప్రతి ఎవరైనా తెచ్చి చూపించినా
నేను ఇలాగే చెప్తాను:

"రండి అమీనా బాబూ, పదిలంగా అడుగెయ్యండి.
అమ్మ కూడొండింది.
తిన్నాక జప్తు చేద్దురుగాని."